తిమింగలం తోక ఫొటో ఏం చెబుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హంప్‌బ్యాక్ తిమింగలం ఒకటి కొలంబియా తీరంలో ఒకసారి, ఆఫ్రికాలోని జాంజిబార్ దగ్గర మరోసారి కనబడిందనీ, ఆ రెండు చోట్ల మధ్య దూరం 13,046 కిలోమీటర్లనీ గత సంచికలో రాశాం. తోక ఫొటోలను పోల్చి ఆ సంగతి తేల్చారన్న ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ట్రాకర్ ఏదీ పెట్టకుండా, కేవలం ఫొటోలు చూసి అది అదే తిమింగలమని ఎలా అంటారు? రెండు వేర్వేరు తిమింగలాల తోకలు ఒకేలా ఉండకూడదా? (వరంగల్)

హంప్‌బ్యాక్ లోతుకు మునిగే ముందు తోకను నీటిపైకి నిలువుగా ఎత్తుతుంది. అప్పుడు వెనక నిలబడి చూసేవాళ్లకు తోక కింది వైపు, అంటే పొట్ట వైపు, మొత్తం కనబడుతుంది. నాలుగైదు మీటర్ల వెడల్పున్న ఆ తోక మీది నలుపు తెలుపు రంగులు ఏ రెండు తిమింగలాలకూ ఒకేలా ఉండవు. ఒకదానికి దాదాపు అంతా తెలుపే, ఇంకొకదానికి బొత్తిగా నలుపే. మిగతావన్నీ ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటాయి.

అయితే పోల్చేవాళ్లు రంగుతో సరిపెట్టుకోరు. తోక వెనక అంచు రంపపు పళ్లలా ఉంటుంది. ఆ పళ్ల ఎత్తుపల్లాలను, నడిమి గంటు ఆకారాన్ని కొస నుంచి కొస దాకా చూస్తారు. ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కొరికితే పక్కపక్కనే సమాంతరంగా గీతలు పడతాయి. చర్మానికి అంటుకుని బతికే బార్నకిల్స్ అనే గుల్ల జీవులు ఊడిపోయిన చోట గుండ్రటి మచ్చలు మిగులుతాయి. వలతాడు కోసుకుపోయిన గాటు ఇంకోలా ఉంటుంది. ఒక్క మచ్చ కలిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. రంగు, అంచు, గంటు, మచ్చలు అన్నీ తమ తమ స్థానాల్లో కలిస్తే ఇక సందేహానికి తావుండదు.

మీరడిగిన మగ తిమింగలం 2013లో కొలంబియా పసిఫిక్ తీరంలోని ట్రిబుగా గల్ఫ్‌లో, 2017లో మళ్లీ అదే ప్రాంతంలో, 2022లో జాంజిబార్ దగ్గర ఫొటోల్లో పడింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 13,046 కిలోమీటర్లన్నది ఆ రెండు బిందువుల మధ్య భూగోళం మీద అతి తక్కువ దూరం. అది ఏ దారిన వెళ్లిందో, మధ్యలో ఎన్నిసార్లు అంటార్కిటికా వెళ్లి మేసి వచ్చిందో ఫొటో చెప్పదు. ఫొటోలు ఫలానా రోజు ఇక్కడుంది, ఫలానా రోజు అక్కడుంది అని మాత్రమే రుజువు చేస్తాయి. ‘ఇంత దూరం ఈదింది’ అనే వార్తలు చదివినప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: ఈ పద్ధతి ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారు? (గుంటూరు)

1970లలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్‌లో స్టీవెన్ కటోనా, ఆయన విద్యార్థులు తోక ఫొటోలను వరుస పెట్టి కేటలాగ్ కట్టడం మొదలుపెట్టారు. అదే ఉత్తర అట్లాంటిక్ హంప్‌బ్యాక్ కేటలాగ్‌గా పెరిగింది. సుమారు అదే కాలంలో అలాస్కాలో చార్లెస్ జురాజ్ కూడా తోకల్ని బట్టే తిమింగలాలను గుర్తుపట్టేవారు.

ఈ పద్ధతి ఎంత ఉపయోగమో తొలినాళ్లలోనే తెలియజెప్పింది ‘సాల్ట్’ అనే ఆడ తిమింగలం. మసాచుసెట్స్ తీరంలో కనబడ్డ దీని వీపు రెక్క మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చలుండేవి. పేరు వాటి వల్లే వచ్చింది. 1978లో ఇదే తిమింగలం డొమినికన్ రిపబ్లిక్‌కు ఉత్తరాన ఉన్న సిల్వర్ బ్యాంక్‌లో ఫొటోకు చిక్కింది. వేసవిలో మసాచుసెట్స్ దగ్గర మేసేవీ, చలికాలంలో కరీబియన్‌లో పిల్లల్ని కనేవీ ఒకే తిమింగలాలని అలా పేరుపేరునా రుజువైంది.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. మాంటెరీ బేలో తిమింగలాలు చూపించాలని బోటు టికెట్లు తీసుకున్నాం. నాన్నగారి దగ్గర 70–300 లెన్స్ ఉన్న కెమెరా ఉంది. పరిశోధకులకు పనికొచ్చే ఫొటో తీయాలంటే ఏం చేయాలి? (ఫ్రీమాంట్)

నాన్నగారి లెన్స్ బ్రహ్మాండంగా సరిపోతుంది. అందరూ గాల్లోకి ఎగిరిన తిమింగలాన్ని తీయాలనుకుంటారు. గుర్తింపుకు ఆ ఫొటో దాదాపు పనికిరాదు. మునిగే ముందు ఎత్తిన తోకను సరిగ్గా వెనక నుంచి తీసిందే కావాలి.

షట్టర్ వేగం 1/1000 సెకనుకు తగ్గనివ్వకండి. బోటూ ఊగుతుంది, తోకా కదులుతుంది, అందుకే తక్కువ వేగంలో వెనక అంచు మసకబారుతుంది. అపర్చర్ ఎఫ్/8 దగ్గర ఉంచి, ఐఎస్ఓ ఆటోలో పెట్టండి. మబ్బు పట్టిన రోజున ఐఎస్ఓ 800 దాటినా ఫరవాలేదు. కాస్త గరుకుగా ఉన్న ఫొటోతో పని జరుగుతుంది, కదిలిపోయినదానితో జరగదు. ఫోకస్‌ను కదిలే వస్తువును వెంటాడే మోడ్‌లో, నడిమి బిందువు మీద ఉంచి, బరస్ట్ (వరుసగా ఫొటోలు తీసే మోడ్) ఆన్ చేయండి. సూర్యుడు తోక వెనక ఉంటే తోకంతా నల్లటి నీడగా వస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ పెంచండి. ఆకాశం తెల్లగా కొట్టుకుపోయినా మనకేం నష్టం లేదు.

ఇక అదను. తిమింగలం పైకి వచ్చి వరుసగా కొన్ని శ్వాసలు తీసుకుంటుంది. ప్రతిసారీ వీపు కొంచెంగా కనబడి మునిగిపోతుంది. లోతుకు వెళ్లే ముందు చివరి శ్వాస తర్వాత మాత్రం వీపు బాగా వంగి, తోక మొదలు గుండ్రంగా పైకి లేస్తుంది. ఆ వంపు కనబడగానే బటన్ నొక్కి, తోక పూర్తిగా మునిగేదాకా వదలకండి. మొత్తం రెండు మూడు సెకన్ల వ్యవహారం. మొదటి ఫ్రేముల్లో తోక మీద నుంచి నీళ్లు ధారగా కారుతూ రంగుల్ని కప్పేస్తాయి. నీళ్లు జారిపోయి తోక నిలువుగా నిలిచిన చివరి ఫ్రేములే సాధారణంగా పనికొస్తాయి. చాలామంది సరిగ్గా అప్పటికి వేలు తీసేస్తారు!

తోక మునిగాక మళ్లీ పైకి రావడానికి ఐదు నుంచి పది నిమిషాలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో మీ అరచేతినో, డెక్కునో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటికి వెళ్లాక ఎక్కడ ఒక తిమింగలం ఫొటోలు ముగిశాయో, ఎక్కడ ఇంకొకటి మొదలైందో ఆ ఖాళీ ఫొటో చెబుతుంది. పరిశోధకులూ ఇలాగే చేస్తారు. మూడు నాలుగు కలిసి తిరుగుతున్నప్పుడు ఇది చేయకపోతే తర్వాత విడదీయడం కష్టం.

పై డెక్ నుంచి తిమింగలం ఎక్కడుందో వెతకడం తేలికే గానీ ఊపు ఎక్కువ. ఫొటోకు కింది డెక్ మేలు. బోటును దగ్గరికి పోనివ్వమని మాత్రం ఎవర్నీ ఒత్తిడి చేయకండి. హవాయి, అలాస్కాల్లో హంప్‌బ్యాక్‌కు 100 గజాల లోపు వెళ్లడం చట్టవిరుద్ధం. మిగతా చోట్లా అంత దూరం పాటించడమే మర్యాద. 300 లెన్స్‌కు ఆ దూరం చాలు.

ఊరి నుంచి తెచ్చిన కెమెరా అన్నారు కాబట్టి ముఖ్యమైన మాట ఒకటి. అందులో గడియారం భారత కాలంలోనే ఉంటుంది. వేసవిలో కాలిఫోర్నియా మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. మాంటెరీలో మధ్యాహ్నం 12 గంటలకు తీసిన ఫొటో మీద మర్నాడు 12:30 అని, అంటే అర్ధరాత్రి దాటాక తీసినట్టు నమోదవుతుంది. తేదీయే మారిపోతుంది. బోటు ఎక్కే ముందే గడియారం సరిచేయండి. మరిచిపోతే ఫోన్‌లో గడియారం తెరిచి దాన్ని ఈ కెమెరాతో ఒక ఫొటో తీయండి. తేడా ఎంతో లెక్కగట్టి తర్వాత సరిదిద్దుకోవచ్చు.

ప్రశ్న: ఫోన్‌తో తీసినవి పనికిరావా? (సియాటిల్)

తోక ఫ్రేములో కనీసం నాలుగో వంతు నిండితే పనికొస్తాయి. పైగా ఫోన్ ఫొటోలో స్థలం, సమయం వాటంతటవే నమోదవుతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిస్తే మాత్రం అది కుదించుకుపోతుంది, స్థలం, తేదీ వివరాలూ ఊడిపోతాయి. అసలు ఫైలునే అప్‌లోడ్ చేయండి. ఫిల్టర్లు వేయకండి. ముఖ్యంగా ఫొటోను అద్దంలో ప్రతిబింబంలా ఎడమ కుడి తిప్పకండి. తిప్పితే అది లోకంలో ఎక్కడా లేని తిమింగలం అయిపోతుంది.

ప్రశ్న: ఫొటో పంపాక ఏం జరుగుతుంది? వేల ఫొటోల్లో కంప్యూటరే వెతికి పెడుతుందా, మనుషులు చూస్తారా? (హైదరాబాద్)

రెండూ. ప్రజల నుంచి ఫొటోలు తీసుకునే వెబ్‌సైట్లలో ఎక్కువమందికి తెలిసింది హ్యాపీవేల్. టెడ్ చీజ్‌మన్ 2015లో దీన్ని మొదలుపెట్టారు. ఫొటోతో పాటు తేదీ, స్థలం ఇస్తే చాలు. అది తెలిసిన తిమింగలమైతే ఎవరో, ఎక్కడెక్కడ కనబడిందో మీకు మెయిల్ వస్తుంది. తర్వాత ఎవరైనా దాన్ని చూసినా కబురొస్తుంది.

కంప్యూటర్లు రాకముందు పద్ధతి ఎలా ఉండేదో తెలిస్తే ఇప్పటి పని విలువ అర్థమవుతుంది. తోకల్ని తెలుపు భాగం ఎక్కువ నుంచి తక్కువకు ఐదు రకాలుగా విడగొట్టేవారు. కొత్త ఫొటో రాగానే దాని రకం తేల్చి, ఆ అరలోని ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూసేవారు. రెండు రకాల సరిహద్దులో ఉన్న తోకైతే పక్క అర కూడా వెతకాల్సిందే. 2004 నుంచి 2006 దాకా ఉత్తర పసిఫిక్ అంతటా ‘స్ప్లాష్’ అనే సర్వే జరిగింది. అందులో దాదాపు 8,000 తిమింగలాలను ఇలా కళ్లతో పోల్చే వేరు చేశారు. ఆ శ్రమకు చేతులెత్తి నమస్కరించాలి.

ఇప్పుడు కంప్యూటర్ ఫొటోలో తోక ఎక్కడుందో పట్టుకుని, దాని లక్షణాలను అంకెల వరుసగా మార్చి, కేటలాగ్‌లో దగ్గరగా ఉన్నవాటిని ముందు పెడుతుంది. 2019లో ముగిసిన కాగల్ అనే ప్రోగ్రామింగ్ పోటీల వెబ్‌సైట్‌లో జరిగిన ఒక బహిరంగ పోటీలో వచ్చిన పద్ధతిని మెరుగుపరిచి హ్యాపీవేల్‌లో వాడుతున్నారు. ఫొటో నాణ్యత బాగుంటే 97 నుంచి 99 శాతం దాకా సరిగ్గా గుర్తిస్తుంది.

ఆ ‘బాగుంటే’ అన్న మాటే అసలు మెలిక. కోణం ఎంత నిటారుగా ఉంది, స్పష్టత ఎంత, వెలుగు ఎలా ఉంది, తోకలో ఎంత భాగం నీటిపైన ఉంది అన్నవాటిని బట్టి ప్రతి ఫొటోకూ నాణ్యత తేలుస్తారు. పక్కకు ఒరిగిన తోక, మచ్చలేవీ లేని నల్లటి తోకను నీడలో తీసిన ఫొటో, ఒకే ఫ్రేములో రెండు తోకలు వచ్చినవి పోలికను దారి తప్పిస్తాయి. చల్లటి నీళ్లలో మేసే తిమింగలాల తోకల మీద ఒక్కోసారి డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలు పేరుకుని తెల్లటి భాగం పసుపు, గోధుమ రంగుల్లోకి మారుతుంది. దాన్ని చూసి నలుపు అనుకోకూడదు. అందుకే అనుమానం ఉన్న చోట తుది మాట మనిషిదే.

ప్రశ్న: నేను గణితం చెబుతాను. కనబడ్డవాటి ఫొటోలతో, కనబడనివాటితో కలిపి మొత్తం ఎన్నున్నాయో ఎలా లెక్కిస్తారు? పోల్చడంలో పొరపాటు జరిగితే లెక్క ఎంత మారుతుంది? (రాజమహేంద్రవరం)

మాస్టారూ, తరగతిలో చెప్పుకోదగిన లెక్కే ఇది. అర్థం కావడానికి ఊహాంకెలు తీసుకుందాం. మొదటి ఏడాది 200 తిమింగలాలను గుర్తించారు. రెండో ఏడాది 150 దొరికాయి, వాటిలో 30 పాతవే. రెండో ఏడాది దొరికినవాటిలో ఐదో వంతు పాతవైతే, మొదటి ఏడాది చూసిన 200 కూడా మొత్తంలో సుమారు ఐదో వంతే అయ్యుండాలి. 200ను 150తో గుణించి 30తో భాగిస్తే 1,000.

ఇప్పుడు నాణ్యత లేని ఫొటోల వల్ల ఐదు జతలు దొరకలేదనుకోండి. 30 కాస్తా 25 అవుతుంది, జవాబు 1,200కు ఎగబాకుతుంది. ఐదంటే ఐదు పోలికలు తప్పినందుకు లేని 200 తిమింగలాలు పుట్టుకొచ్చాయి! అందువల్లే లెక్కలకు వాడేటప్పుడు నాసిరకం ఫొటోలను, అవి జత కుదిరినా సరే, పక్కన పెడతారు. జత కుదిరినవాటిని మాత్రం ఉంచుకుని మిగతావి తీసేస్తే ఇంకో రకం తప్పు జరుగుతుంది.

అసలు లెక్కల్లో పుట్టేవీ చచ్చేవీ ఉంటాయి, కొన్ని తోక తరచుగా ఎత్తవు, పిల్ల తల్లులు మరీ తక్కువ. కాబట్టి చాలా ఏళ్ల సమాచారంతో ఇంతకంటే క్లిష్టమైన గణిత నమూనాలు కడతారు. అలా ఉత్తర పసిఫిక్‌లో 2001 నుంచి 2021 దాకా దొరికిన 27,956 తిమింగలాల ఫొటోలను ఒకచోట చేర్చారు. వాటితో కట్టిన అంచనా 2024లో వెలువడింది. వేట ఆగాక పెరుగుతూ వచ్చిన సంఖ్య 2012లో సుమారు 33,488కి చేరింది. 2021 నాటికి 26,662కు, అంటే 20 శాతం, తగ్గింది. హవాయిలో చలికాలం గడిపేవైతే 34 శాతం తగ్గాయి. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌ను పట్టి ఉంచిన సముద్రపు వడగాలుల (సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కడం) కాలంలో వాటికి తిండి కరువైంది. ఏ తిమింగలం మళ్లీ రాలేదో విడివిడిగా తెలియకపోతే ఈ తగ్గుదల ఇంత స్పష్టంగా పట్టుబడేది కాదు. ఫొటోకు ఇంతకంటే పెద్ద ప్రయోజనం మాకు కనబడదు.

ప్రశ్న: తల్లి పక్కన ఉన్న పిల్ల ఫొటో ఉంది. దాన్నీ కేటలాగ్‌లో చేరుస్తారా? (సిడ్నీ)

చేరుస్తారు గానీ జాగ్రత్తగా. పిల్లలు తోక సరిగ్గా ఎత్తవు. ఎత్తినా మొదటి ఏడాదిలో రంగులు మారుతూ ఉంటాయి. ఇద్దరివీ వీపు రెక్కలు రెండు పక్కల నుంచీ తీయండి. తల్లి గుర్తింపు దొరికితే పిల్లకు దాని పేరే ఆధారం.

ప్రశ్న: వలసలో ఎంత వేగంగా వెళ్తాయో ఫొటోతో తెలుస్తుందా? (విజయవాడ)

కనీస వేగం తెలుస్తుంది. ఒక తిమింగలం ఆగ్నేయ అలాస్కాలో కనబడిన 39 రోజులకే హవాయిలో దొరికిందని 1996లో ప్రచురించారు. దూరం సుమారు 4,465 కిలోమీటర్లు. అంటే రేయింబవళ్లు ఆగకుండా ఈదినా గంటకు 4.7 కిలోమీటర్లకు పైమాటే. మొదటి ఫొటో తీశాక అది అక్కడే కొన్నాళ్లు ఉండి బయల్దేరిందేమో మనకు తెలియదు, కాబట్టి నిజమైన వేగం ఇంతకంటే ఎక్కువే అయ్యుండవచ్చు.

ప్రశ్న: మన బంగాళాఖాతంలో హంప్‌బ్యాక్‌లు ఉన్నాయా? విశాఖలో కూర్చుని ఇలాంటి పని చేయవచ్చా? (విశాఖపట్నం, డిగ్రీ విద్యార్థిని)

హంప్‌బ్యాక్‌ల కోసం ఎదురుచూస్తే నిరాశే. మన తూర్పు తీరంలో అవి అరుదు. అయితే భారతదేశానికి సొంతమనదగ్గ హంప్‌బ్యాక్‌లు పడమటి వైపున, అరేబియా సముద్రంలో ఉన్నాయి. ప్రపంచంలోని మిగతా హంప్‌బ్యాక్‌ల్లా అవి ధ్రువాల వైపు వలస వెళ్లవు. నైరుతి రుతుపవనాల కాలంలో ఒమన్ తీరాన లోతుల నుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి ఉబికి వస్తుంది. మేత అక్కడే దొరుకుతుంది, ఏడాదంతా ఆ సముద్రంలోనే ఉంటాయి. దాదాపు 70,000 ఏళ్లుగా ఇవి వేరుపడి ఉన్నాయని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. ఒమన్‌లో ఫొటోలతో వేసిన అంచనా ప్రకారం అక్కడివి సుమారు 82 మాత్రమే. ప్రధానంగా 1966లో సోవియట్ వేట ఓడలు ఈ సముద్రంలో 242 హంప్‌బ్యాక్‌లను చంపాయని గుర్తుచేసుకుంటే ఆ 82 ఎంత చిన్న సంఖ్యో అర్థమవుతుంది.

ఒమన్‌లో ‘లుబాన్’ అనే ఆడ తిమింగలానికి 2017లో ఉపగ్రహ ట్యాగ్ పెట్టారు. అది సముద్రం దాటి గోవా దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి మన దేశపు దక్షిణ కొస దాకా వెళ్లి, తిరిగి ఒమన్ చేరింది. మధ్యలో నడిచిన దారి చూపించగలిగేది ట్యాగే. కానీ దాని ఖరీదు ఎక్కువ, కొన్ని వారాలకో నెలలకో ఊడిపోతుంది. ఫొటో అయితే దశాబ్దాల తర్వాతా పోల్చుకోవచ్చు. రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది. గోవా, కర్ణాటక, కేరళ తీరాల్లో ఎవరైనా తెలిసినవాళ్లు చేపల వేటకో, ఓడల మీదో వెళ్తుంటే ఎత్తిన తోక కనబడితే తప్పక తీయమని చెప్పండి. వందకు లోపున్న గుంపులో ఒక్క కొత్త ఫొటో కూడా విలువైనదే.

విశాఖలో పని నేర్చుకోవాలంటే డాల్ఫిన్లతో మొదలుపెట్టడం తెలివైన పని. వాటికి తోక కాదు, వీపు రెక్కే గుర్తు. రెక్క వెనక అంచున ఉన్న గాట్లు, కొరుకుళ్లు ఏళ్ల తరబడి మారవు. చిలికా సరస్సులో ఇరవాడి డాల్ఫిన్లను ఇలాగే రెక్కల ఫొటోలతో గుర్తించారు. రెక్కను పక్క నుంచి, నీటిమట్టానికి వీలైనంత దగ్గరగా, ఎడమ కుడి రెండు వైపులా తీయాలి. ఒక వైపు ఫొటోల్ని ఇంకో వైపువాటితో కలిపేస్తే ఒకే డాల్ఫిన్ రెండుగా లెక్కకు వస్తుంది. మెరైన్ మ్యామల్ రిసెర్చ్ అండ్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా దేశమంతటి నుంచీ ఇలాంటి సమాచారం సేకరిస్తుంది. మన దగ్గర తిమింగలాలు, డాల్ఫిన్లు అన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చినది కనబడితే ముట్టుకోకుండా అటవీ శాఖకు కబురు చేసి, దూరం నుంచి తోక, వీపు రెక్క, తల విడివిడిగా తీసి పెట్టండి. పొడవు తెలియడానికి పక్కన ఒక మనిషి నిలబడ్డ ఫొటో ఒకటి ఉండాలి.

ప్రశ్న: 2009లో హవాయి వెళ్లినప్పుడు తీసిన తోకల ఫొటోలు పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఇప్పుడు పంపితే ఎవరికైనా ఉపయోగమా? (డాలస్)

వెంటనే పంపండి. పాతవాటికి విలువ ఎక్కువ. ఒక తిమింగలం తొలిసారి కనబడ్డ తేదీ ఎంత వెనక్కి జరిగితే, దాని కనీస వయసు అంత పెరుగుతుంది. అలాస్కాలో ‘ఓల్డ్ టైమర్’ అనే మగ తిమింగలానికి యాభై ఏళ్లు దాటాయని చెప్పగలుగుతున్నది 1972లో ఎవరో తీసి దాచిన ఫొటో వల్లే.

ఫైళ్ల మీది తేదీని గుడ్డిగా నమ్మకండి. హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసిన రోజు కాదు, కెమెరా నమోదు చేసిన రోజు కావాలి. దాన్ని విమానం టికెట్లతోనో, బోటు కంపెనీ రసీదు మెయిల్‌తోనో సరిచూడండి. రోజు తేలకపోతే ‘2009 ఫిబ్రవరి’ అని నెల వరకే రాయండి, ఊహించి తేదీ వేయకండి. స్థలం కూడా అంతే. మావీలో లహైనా రేవు నుంచి బయల్దేరామని గుర్తుంటే అదే రాయండి, మ్యాప్ మీద ఎక్కడో ఒక చుక్క పెట్టకండి.